పామూరు నుంచి పశుపతినాథానికి

పిల్లలూ! పామూరు అనే ఊరిని మీలో చాలామంది చూసి ఉండరు. ఒంగోలు నుంచి కనిగిరి మీదుగా పడమరగా బస్సులో వస్తే, మాగాణి తగ్గి మెట్ట పెరిగి, దూరాన వెలిగొండలు నీలంగా కనిపించే చోట మా ఊరు తగులుతుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మేము నెల్లూరు జిల్లావాళ్ళము. ఊరి పేరులో పాము ఉన్నది గనక పొరుగూళ్ళ పిల్లలు మా పిల్లలను ఆటపట్టిస్తారు. మాకు మదన వేణుగోపాలస్వామి గుడి ఉన్నది; కొంచెం దూరంలో మన్నేటికి కట్టిన మోపాడు చెరువు ఉన్నది. ఆ చెరువు నిండిన ఏడు మాకు పండగ. నిండని ఏళ్ళే ఎక్కువ. అందుచేత మా ప్రాంతంవాళ్ళకు మూటాముల్లె కట్టుకుని దూరదేశం పోవటం కొత్త కాదు. అయితే నేను చెప్పబోయేది కూలి కోసం పోయిన ప్రయాణం కాదు, పుణ్యం కోసం పోయిన ప్రయాణం.

2015 ఏప్రిల్ నెల. అప్పటికి నేను ఇంకా హెడ్మాస్టరుగానే ఉన్నాను. పరీక్షలు ముగియగానే పది రోజులు సెలవు పెట్టాను. మా వీధివాళ్ళు, బంధువులు, తెలిసినవాళ్ళు, అందరమూ కలిసి నేపాలులో పశుపతినాథస్వామిని చూడాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాము. లెక్క వేస్తే 27 మందిమి తేలాము.

నాకు హాజరు పట్టీ పిచ్చి. ముప్పై ఏళ్ళు బడిలో పనిచేసినవాడికి అది వదలదు. నేను ఒక తెల్లకాగితం మీద 27 పేర్లూ, ఎదురుగా వయసూ, ఇంటివారి ఫోను నంబరూ రాసి, రెండు ప్రతులు తీశాను. ఒకటి నా జేబులో పెట్టుకున్నాను. రెండోది బస్టాండు పక్కన పుస్తకాల కొట్టు నడిపే మిత్రుడికి ఇచ్చి, "మా సంగతి ఏదైనా తెలిస్తే దీన్ని చూసి అందరి ఇళ్ళకూ కబురు చెయ్యి," అన్నాను. నా ముందుచూపుకు నాకే ముచ్చట వేసింది.

బస్సు కదలబోతుండగా మోపాడు నుంచి ఒక అవ్వ, పన్నెండేళ్ళ మనమణ్ణి వెంటబెట్టుకుని, ఆయాసపడుతూ వచ్చింది. "అయ్యవారూ! మమ్మల్ని గూడా తీసకపోండి సామీ. మొక్కు ఉండాది," అన్నది. కొంగున డబ్బు ముడివేసుకుని వచ్చింది. కాదనటానికి నోరు రాలేదు. వాళ్ళకు ఒంగోలులో టిక్కెట్టు కొని, రైలులో అందరమూ కాస్త కాస్త సర్దుకున్నాము. ఆ ఇద్దరి పేర్లూ పట్టీలో చేర్చాలని నేను అనుకున్నమాట నిజం. రైల్లో రాద్దామనుకున్నాను; రైలు ఊగుతున్నది. గోరఖ్‌పూరులో దిగి రాద్దామనుకున్నాను. అక్కడ బస్సు మాట్లాడే హడావుడి. తరువాత మరిచిపోయాను. ప్రతి మజిలీలోనూ తలలు లెక్కపెట్టేవాణ్ణి. 29 వస్తే చాలు, బస్సు కదలవచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

గోరఖ్‌పూరు నుంచి ఉత్తరంగా పోతే సునౌలి అనే ఊరి దగ్గర మన దేశం అయిపోతుంది. అక్కడ ఒక కమాను దాటగానే నేపాలు. భారతీయులు నేపాలు పోవటానికి వీసా అక్కరలేదు. రోడ్డున పోయేవారికి పాస్‌పోర్టు కూడా అక్కరలేదు. ఓటరు కార్డు చాలు. ఇది గొప్ప సౌకర్యమే. కాని దీనిలో ఒక చిక్కు ఉన్నది. వేరే దేశానికి వీసా తీసుకుని పోయిన మనిషి పేరు ఏదో ఒక కచేరీ పుస్తకంలో ఉంటుంది. నేపాలుకు పోయే మనవాళ్ళ పేర్లు చాలావరకు ఎక్కడా ఉండవు. ఎవరు ఎప్పుడు వెళ్ళారో, ఏ సత్రంలో దిగారో, మన ప్రభుత్వానికి తెలియదు.

మరో వింత. నేపాలులో గడియారం మన గడియారం కంటే పావుగంట ముందు నడుస్తుంది. మా అవ్వ మనమడు ఇది విని, "సార్, అయితే ఇక్కడ ఇంటిబెల్లు పావుగంట ముందే కొడతారా?" అని అడిగాడు. వాడికి అన్నీ బడి లెక్కలోనే అర్థమయ్యేవి.

బుద్ధుడు పుట్టిన లుంబినిలో అశోకుడు వేయించిన స్తంభం చూశాము. పోఖరాలో చెరువు అంచున నిలబడి మంచుకొండలు చూశాము. వెలిగొండలు తప్ప మరో కొండ ఎరుగని మావాళ్ళు చాలాసేపు మాట్లాడలేదు. అటుపైన త్రిశూలి నది పక్కనే లోయల వెంట పోయే రోడ్డు మీద 24వ తేదీ శుక్రవారం సాయంకాలానికి ఖాట్మండు చేరాము.

మర్నాడు శనివారం. పొద్దున్నే బాగ్మతి ఒడ్డున ఉన్న పశుపతినాథస్వామి దర్శనం అయింది. తరువాత ధరహరా చూడాలని అనుకున్నాము. అది ఊరి మధ్యన ఉన్న ఎత్తైన బురుజు. 60 మీటర్ల పైచిలుకు. లోపలి మెట్లెక్కి పైకిపోతే ఊరంతా కనిపించేది. అందరమూ బస్సు దగ్గరికి వచ్చాము. నేను తలలు లెక్కపెట్టాను. 28. మా టైలరు లేడు. రుద్రాక్షల కొట్టు దగ్గర బేరమాడుతున్నాడు. మనిషిని పంపాను, రాలేదు. మళ్ళీ పంపాను. ఇరవై నిమిషాలు గడిచినవి. అతను వచ్చేసరికి నేను మండిపడి, పిల్లవాణ్ణి తిట్టినట్టు అందరి ఎదుటా తిట్టాను.

తిట్టటం ఇంకా పూర్తికాలేదు. మార్కాపురం పలకల లోడుతో పదిలారీలు ఒక్కసారిగా మీదికి వస్తున్నట్టు చప్పుడైంది. అక్కడి గడియారంలో 11 గంటల 56 నిమిషాలు. పక్షులన్నీ ఒక్కపెట్టున లేచినవి. నేల పడవలాగా ఊగింది. ఎవరూ తోలకుండానే బస్సు అటూ ఇటూ ఒరిగింది. ఎదుట ఉన్న ఇటుకగోడ ముందు నిలువునా చీలి, తరువాత కూర్చున్నట్టుగా కూలింది. అవ్వ మనమణ్ణి కిందవేసి వాడి మీద పడుకున్నది. ఒక నిమిషం లోపే అదంతా అయింది. ఆ కాసేపట్లోనే ధరహరా బురుజు మొదలు మాత్రం మిగిలి తక్కినదంతా కూలిపోయింది. దానిలో ఎందరో చనిపోయారు. మా టైలరును నేను మళ్ళీ ఏనాడూ తిట్టలేదు.

ఈ భూకంపం తీవ్రత 7.8. దాని మూలం ఖాట్మండుకు వాయవ్యంగా గోర్ఖా జిల్లాలో, బార్‌పాక్ అనే ఊరి దగ్గర ఉన్నది. సుమారు 9,000 మంది మరణించారు. మన బీహారులో, ఉత్తరప్రదేశ్‌లో కూడా ప్రాణనష్టం జరిగింది.

భూమి ఎందుకు అలా కదిలింది? ఒక చాపను గోడదాకా పరిచి, ఇవతలి అంచును మెల్లగా గోడవైపు నెట్టండి. చాప ముడుచుకుని లేస్తుంది. మన దేశాన్ని మోస్తున్న రాతిపలక కోట్ల ఏళ్ళుగా ఉత్తరానికి జరుగుతూ, ఆసియా పలకను నెడుతున్నది. అలా లేచిన ముడుతే హిమాలయం. అది జరిగే వేగం ఏడాదికి కొద్ది సెంటీమీటర్లు. మీ చేతిగోళ్ళు పెరిగే వేగమూ ఇంచుమించు అంతే. రాళ్ళు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని చాలాకాలం కదలవు. ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. ఓర్చుకోలేని రోజున ఒక్కసారి జారిపోతవి. ఖాట్మండు లోయ ఒకప్పుడు పెద్ద సరస్సు. మంజుశ్రీ కత్తితో కొండను నరికి నీరు వదిలాడని అక్కడివాళ్ళ పురాణకథ. శాస్త్రజ్ఞులు కూడా నేల తవ్విచూసి అది సరస్సు అడుగేనని చెప్పారు. మెత్తటి ఒండ్రు మీద కట్టిన ఊరు గనక ఊపు మరీ ఎక్కువైంది. 1934 జనవరి 15న అంతకంటే పెద్ద భూకంపం వచ్చి ఇదే ధరహరాను పడగొట్టింది.

మన వైపు భూకంపాలే రావని అనుకోకండి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చింది. అటకమీది కుండలు దొర్లినవని మా అమ్మ చెప్పేది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు మండలాలలో స్వల్పంగా కంపించి జనం ఇళ్ళలోనుంచి పరుగెత్తారు. 5.4కూ 7.8కూ తేడా ఎంత అని అడుగుతారేమో. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన నేపాలు భూకంపం ఒంగోలు భూకంపానికి సుమారు నాలుగువేల రెట్లు.

శనివారం నేపాలులో బడులకు సెలవు. తరువాత బయటపడిన సంగతి ఏమంటే, వేలకొద్దీ బడుల కట్టడాలు పాడైనవి, కూలినవి. అది శుక్రవారమై ఉంటే! నేను ఈనాటికీ ఆ ఆలోచనను పూర్తిగా సాగనివ్వను.

ఆ సాయంకాలం మేమంతా ఒక మైదానంలో చేరాము. నిమిష నిమిషానికీ నేల చిన్నచిన్నగా అదురుతున్నది. మాలో మిరపకాయల వ్యాపారం చేసే పెద్దాయన, "బస్సు ఉంది గదా, ఇప్పుడే సునౌలికి తోలించండి. ఇక్కడ పడి చచ్చేదానికంటే ఇంటి దారిన పోవటం నయం," అన్నాడు. చాలామంది ఆయన మాటే అన్నారు. దాపరికం ఎందుకు, నా మనసు కూడా అటే మొగ్గింది. డ్రైవరు బస్సు స్టార్టు చేసికూడా చూశాడు.

అంతలో మా పక్కన దిగిన బీహారు యాత్రికుడొకాయన వచ్చి ఆపాడు. ఆయనకు మన దేశపు ఎంబసీలో తెలిసినవారు ఉన్నారట. "రాత్రిపూట కొండరోడ్డున పోవద్దంటున్నారు. చరియలు విరిగి పడుతున్నాయి. ఆరుబయటే ఉండండి, సామాను కోసమని ఇళ్ళలోకి పోకండి, పొద్దున ఎంబసీకి వచ్చి పేర్లు రాయించండి అంటున్నారు," అన్నాడు.

పరదేశంలో ఉపద్రవం వచ్చినప్పుడు మన ప్రభుత్వంవారు తమ ప్రజలకు ఇచ్చే సలహా ఇట్లాగే ఉంటుంది. ఢిల్లీలోని విదేశాంగ శాఖ రాత్రింబవళ్ళు పనిచేసే కంట్రోల్ రూము తెరుస్తుంది. ఆ దేశంలోని ఎంబసీ ఫోను నంబర్లు ప్రకటిస్తుంది. ఇంకా బయలుదేరనివారిని ఇప్పుడు పోవద్దంటుంది. అక్కడ ఉన్నవారిని, ఉన్నచోటు చెప్పి, గుర్తింపు కాగితాలు దగ్గర ఉంచుకుని, అక్కడి అధికారుల మాట వినమంటుంది. వినటానికి ఇవి చప్పటి మాటలు. భయంతో కాళ్ళు వణికేవాడికి "ఆగు" అనే మాట అన్నిటికంటే చేదుగా ఉంటుంది. ఆ మాట చెప్పేవాడికి మాత్రం ఏ రోడ్డు తెగిందో, ఏ విమానం వస్తున్నదో మనకంటే ముందు తెలుస్తుంది. మేము వాదించుకుని, వాదించుకుని, చివరకు ఆగాము. మేము పోవలసిన రోడ్డు మీద ఆ రాత్రి రాళ్ళు దొర్లినవని మర్నాడు విన్నాము.

రాత్రి తొమ్మిదింటికి మా వంటమనిషి దగ్గర ఉన్న నేపాలు ఫోను ఒక్క నిమిషం పలికింది. పామూరు పుస్తకాల కొట్టుకు తగిలింది. చార్జింగు అయిపోవస్తున్నది. నేను గబగబా, "పట్టీలో ఉన్నవాళ్ళంతా క్షేమం. అందరి ఇళ్ళకూ చెప్పు," అన్నాను. ఫోను ఆరిపోయింది. పెద్ద భారం దిగినట్టయి నేను నిద్రపోయాను.

ఆదివారం బస్సు పోయినంత దూరం పోయి, మిగతాది నడిచి, లైంచౌర్ అనే చోట ఉన్న ఎంబసీ చేరాము. అక్కడ వందలమంది ఉన్నారు. బల్ల ముందు కూర్చున్న ఒక యువకుడు పొడుగాటి పుస్తకంలో రాసుకుంటున్నాడు. నేను ముందుకు వెళ్ళి దర్జాగా, "ఆంధ్రప్రదేశ్, 29 మంది," అన్నాను. అతను తల ఎత్తకుండానే హిందీలో, "మాస్టర్జీ, సంఖ్య కాదు. ఒక్కొక్కరి పేరు చెప్పండి," అన్నాడు. నేను మాస్టరునని ఎట్లా పోల్చాడో తెలియదు! జేబులోని పట్టీ తీసి చదివాను. 27 అయిపోయినవి. నా వెనకనుంచి మనమడు చొక్కా లాగి, "సార్, మా పేర్లు?" అన్నాడు.

అప్పుడు నాకు నిన్నరాత్రి ఫోనులో అన్నమాట గుర్తుకు వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా 6.7 తీవ్రతతో మళ్ళీ భూమి అదిరింది. జనం కేకలు వేశారు. నేను కదలలేదు. ధైర్యంచేత కాదు. నా మనసు అక్కడ లేదు.

పామూరులో జరిగింది తరువాత తెలిసింది. మిత్రుడు నేను చెప్పినట్టే చేశాడు. రాత్రి పదింటికి కొట్టు ముందు లైటు వేసి, వచ్చినవాళ్ళకు పట్టీ చదివి వినిపించాడు. ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క కుటుంబం ఊపిరి పీల్చుకుని ఇంటికి పోయింది. మోపాడు నుంచి వచ్చిన పిల్లవాడి తల్లీ తండ్రీ 27 పేర్లూ విని, ఇంకా చదువుతాడేమోనని నిలబడి ఉన్నారట. "పట్టీలో ఉన్నవాళ్ళంతా క్షేమం" అంటే, లేనివాళ్ళ సంగతి ఏమిటి? తండ్రి టీవీలో చూపిన ఢిల్లీ నంబరుకు ఫోను చేశాడు. వారు ఇద్దరి పేర్లూ, వయసులూ, కడపటిసారి ఎక్కడ ఉన్నదీ అడిగి రాసుకుని, "ఎంబసీ జాబితాలో రాగానే చెబుతాము," అన్నారట. ఆ రాత్రీ, ఆదివారం పగలూ, ఆదివారం రాత్రీ వాళ్ళు ఏమీ తినలేదు.

మేము ఆ రెండు రాత్రులూ గుడ్డలు కప్పుకుని గడిపాము. ఆదివారం రాత్రి వాన కూడా కురిసింది. దానికి తోడు వదంతులు. ఫలానా గంటకు ఇంకా పెద్దది వస్తుందని అమెరికా శాస్త్రజ్ఞులు చెప్పారట! ఇటు మన ఉత్తరాదిలో చంద్రుడు తలకిందులయ్యాడని కూడా ప్రచారమైంది. భూకంపం ఫలానా గంటకు వస్తుందని ముందుగా చెప్పగల విద్య ఈనాటికీ ఎవరికీ లేదు. పెద్ద భూకంపం తరువాత చిన్నవి వస్తవని మాత్రం చెప్పగలరు. మే 12న 7.3 తీవ్రతతో మరొకటి వచ్చింది కూడా.

శనివారం సాయంత్రం నుంచే మన వైమానిక దళం విమానాలు సహాయ సిబ్బందితో ఖాట్మండుకు రాసాగినవి. ఆ పనికి ఆపరేషన్ మైత్రి అని పేరు. సామాను దించి, తిరిగి పోయేటప్పుడు మనవాళ్ళను ఎక్కించుకునేవి. ఖాట్మండు విమానాశ్రయానికి ఉన్నది ఒకే రన్‌వే. భూమి అదిరినప్పుడల్లా రాకపోకలు ఆగేవి. గంటల తరబడి వరుసలో నిలబడి, సోమవారం మేము ఢిల్లీ చేరాము. అవ్వ విమానం ఎక్కటం అదే మొదలు. దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉన్నది. ఆంధ్రప్రదేశ్ భవన్‌లో వేడి అన్నం పెట్టారు. నేను అన్నం ముట్టకుండా ముందు మోపాడుకు ఫోను చేశాను. పిల్లవాడి తండ్రి, "తెలిసింది సార్. ఎంబసీ పుస్తకంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయని తెల్లవారుజామున ఢిల్లీ నుంచి చెప్పారు," అన్నాడు. నన్ను ఒక్కమాట కూడా అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

2025 మార్చి 28న బర్మాలో 7.7 భూకంపం వచ్చి బ్యాంకాకు మేడలు ఊగినప్పుడు, అక్కడి మన ఎంబసీ ఫోను నంబరు ప్రకటించిందని పేపరులో చదివాను. నాకు మొదట ఆ బల్లా, ఆ పొడుగాటి పుస్తకమే కళ్ళముందు మెదిలినవి.

ఊరికి వచ్చిన మూడోరోజున మోపాడు వెళ్ళాను. ఎండ మండిపోతున్నది. చెరువులో నీరు లేదు. పిల్లవాడి తల్లి మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, గడపలో నిలబడింది. నేను తప్పు ఒప్పుకున్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "ఆ కాయితం ఉండాదా సార్?" అని అడిగింది. జేబులోనుంచి తీసి ఇచ్చాను. ఆమెకు చదువు రాదు. కొడుకును పిలిచి, కలం ఇచ్చి, "రాయి," అన్నది.

వాడు నేలమీద బోర్లా పడుకుని, 27 కింద 28 అని వేసి అవ్వ పేరూ, 29 అని వేసి తన పేరూ రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. అవ్వ పేరులో ఒక ఒత్తు తప్పు రాశాడు. నేను దిద్దలేదు.